ఒక్క ప్రోగ్రాముకు ఇన్ని మూటలెందుకు?

ఒక కంప్యూటరులో చక్కగా నడిచిన ప్రోగ్రాము మరో కంప్యూటరులోకి వెళ్లగానే మొరాయిస్తుంది. రాతలో ఒక్క అక్షరం కూడా మారలేదు. మరి లోపం ఎక్కడుంది?

కంప్యూటరుకు మెదడు వంటి ప్రాసెసరుకు తెలిసింది యంత్రభాష ఒక్కటే. సి భాషలో రాసినదాన్ని ముందుగానే యంత్రభాషలోకి మారుస్తారు. ఇంటెల్ ప్రాసెసరు కోసం మార్చినది ఆర్మ్ ప్రాసెసరుకు అర్థం కాదు. విండోస్ కోసం తయారైనది లినక్స్‌లో నేరుగా నడవదు. పలు ప్రోగ్రాములకు పనికివచ్చేలా ఇలా తయారుచేసి ఉంచినదే 'నేటివ్ లైబ్రరీ'.

2002లో మైక్రోసాఫ్ట్ సంస్థ విడుదల చేసిన డాట్ నెట్ పద్ధతి వేరు. ఇందులో ప్రోగ్రామును ఒక మధ్యంతర భాషలోకి మాత్రమే మారుస్తారు. నడిచే సమయంలో 'రన్‌టైమ్' అనే దుబాసీ దాన్ని ఆ యంత్రం భాషలోకి అనువదిస్తుంది. మెమరీని కనిపెట్టుకుని ఉండేదీ అదే. అందుకే దీనికి 'మేనేజ్డ్ కోడ్' అని పేరు. మొదట విండోస్‌కే పరిమితమైన ఈ దుబాసీ, 2016లో డాట్ నెట్ కోర్‌తో లినక్స్, మాక్ యంత్రాలకూ వచ్చింది.

మరి చిక్కేమిటి? సమాచారాన్ని దాచే ఎస్‌క్యూలైట్‌నే తీసుకుందాం. 2000లో రిచర్డ్ హిప్ దీన్ని సి భాషలో తయారుచేశాడు. ఇంత మంచి సాధనాన్ని మళ్లీ రాయడం వృథాశ్రమ గదా! మేనేజ్డ్ ప్రోగ్రాము దాన్నే పిలిచి పని చేయించుకుంటుంది. పిలిచినప్పుడు అది ఆ కంప్యూటరులో లేకపోతే ప్రోగ్రాము ఆగిపోతుంది. 32 బిట్ల ప్రోగ్రాముకు 64 బిట్ల లైబ్రరీ ఎదురైనా అంతే.

పెళ్లికి వచ్చే వంటవాడు ఆ ఇంట్లో ఏముందో ఏమోనని గరిటెలు, గుండిగలు వెంట తెచ్చుకుంటాడు. ఇక్కడా అదే ఉపాయం. డాట్ నెట్ వారి 'న్యూగెట్' ప్యాకేజీలో 'రన్‌టైమ్స్' అనే ఫోల్డరు ఉంటుంది. అందులో 'విన్-ఎక్స్64', 'లినక్స్-ఎక్స్64', 'ఓఎస్ఎక్స్-ఆర్మ్64' అని యంత్రానికొక అర. ప్రతి అరలోనూ ఆ యంత్రానికి తగిన లైబ్రరీ. ప్రోగ్రాము తన యంత్రానికి సరిపడే అరలోనిదే తీసుకుంటుంది. మిగిలినవి ఊరికే పడి ఉంటాయి. మూట బరువు పెరుగుతుందన్నమాట.

బరువుతోపాటు బాధ్యత కూడా పెరుగుతుంది. 2023 సెప్టెంబరులో, బొమ్మల ఫైళ్లను విప్పే లిబ్‌వెబ్‌పి అనే సి లైబ్రరీలో ప్రమాదకరమైన లోపం బయటపడింది. దాన్ని వాడే కంప్యూటరుపై దాడికి కపటంగా తయారుచేసిన ఒక్క బొమ్మ చాలు! లైబ్రరీని సరిదిద్దినంత మాత్రాన ముప్పు తొలగలేదు. దాన్ని మూటకట్టుకున్న స్కియాషార్ప్ వంటి ప్యాకేజీలు కూడా పాత ప్రతిని తీసి కొత్తది పెట్టవలసి వచ్చింది. అందుకే మూట కట్టినవారు కట్టి ఊరుకుంటే చాలదు, దాన్ని కాపాడుతూ ఉండాలి.

మీ బడిలోని కంప్యూటరు ఎన్ని బిట్లదో, దాని ప్రాసెసరు ఏ జాతిదో చూడండి. దానికి ఏ అర తగినదో మీరే చెప్పగలరు!