కారు ఊపిరి సంగతి మనకూ తెలియాలి!

గ్యాస్ స్టవ్ మీద మంట నీలంగా కాకుండా పసుపుపచ్చగా వస్తోందనుకోండి, మీరేం చేస్తారు? గిన్నెల అడుగు మసిబారుతోందని విసుక్కుంటూనే, బర్నర్‌కి గాలి సరిగా అందడం లేదని గ్రహించి దాన్ని శుభ్రం చేయిస్తారు. మంట బాగుండాలంటే గ్యాసుకు తగినంత గాలి కలవాలని మనకి ఒకరు చెప్పక్కర్లేదు. కారు ఇంజన్‌కి వర్తించేదీ సరిగ్గా ఈ సూత్రమే.

"కారు గొడవలు మావారు చూసుకుంటారులెండి" అంటారా? నేనూ అలాగే అనుకునేదాన్ని. కిందటి వర్షాకాలంలో ఒక సాయంత్రం మా అబ్బాయిని ట్యూషన్ నుంచి తీసుకొస్తుంటే, నాలుగురోడ్ల కూడలి మధ్యలో కారు రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది. వెనక లారీ హారన్ల మోత, పక్కన పిల్లాడి బిక్కమొహం. నాకు ముచ్చెమటలు పోశాయంటే నమ్మండి! షెడ్డుకి తీసుకెళితే "ఎయిర్ సెన్సర్ పోయిందమ్మా" అని కొత్తది వేసి 6 వేల రూపాయల బిల్లు చేతిలో పెట్టారు. మూడోరోజున మళ్ళీ అదే జబ్బు!

ఈసారి ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్ళాం. పెద్దాయన. ఎయిర్ ఫిల్టర్ పెట్టె మూత తీసి "అమ్మా, ఇలా వచ్చి చూడండి" అన్నాడు. పెట్టెనిండా వేరుశనగ పొట్టు, గుడ్డపీలికలు! ఎలుక కాపురం పెట్టింది. పక్కనే ఇంజన్‌కి వెళ్ళే రబ్బరు పైపుకి బొటనవేలు పట్టేంత కన్నం కొరికింది. పైపు మార్చగానే రోగం కుదిరింది. పాత సెన్సర్ నిక్షేపంగానే ఉందన్నమాట! ఆ 6 వేలూ దండగేనా అని కడుపు మండి, ఈ సెన్సర్ల సంగతేమిటో ఆయన్నే అడిగి తెలుసుకున్నాను.

లీటరు పెట్రోలుకి తొమ్మిది ట్యాంకుల గాలి

ఇడ్లీపిండికి ఒక గ్లాసు పప్పుకి ఇంత రవ్వ అని కొలత ఉన్నట్టే, ఇంజన్‌కీ ఒక కొలత ఉంది. కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. లెక్కవేసి చూస్తే లీటరు పెట్రోలుకి దాదాపు 9 వేల లీటర్ల గాలి! మేడమీద ఉండే వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకులు తొమ్మిది ఊహించుకోండి. గాలి తగ్గితే నల్లపొగ వస్తుంది, పెట్రోలు వృథా అవుతుంది. గాలి ఎక్కువైతే ఇంజన్ ఉలిక్కిపడ్డట్టు కుదుపుతుంది, ఆగిపోతుంది.

1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800కి మొదట్లో కార్బ్యురేటరే ఉండేది. చలికాలం పొద్దున్నే చోక్ లాగి స్టార్ట్ చేయడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2000 సంవత్సరం నుంచి పొగ నిబంధనలు బిగుసుకుంటూ వచ్చాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బి.ఎస్.-6 ప్రమాణాలు వచ్చాయి. ఇప్పటి కార్లలో ఎంత పెట్రోలు చల్లాలో ఒక చిన్న కంప్యూటర్ నిర్ణయిస్తుంది. దానికి గాలి లెక్క చెప్పేవే ఈ సెన్సర్లు.

ముగ్గురు కబురు చెప్పేవాళ్ళు

మొదటిది గాలి బరువు చెప్పేది. మాఫ్ సెన్సర్ అంటారు. ఎయిర్ ఫిల్టర్ దాటగానే ఉంటుంది. లోపల తలవెంట్రుకలాంటి తీగో, పలచని పొరో కరెంటుతో వేడెక్కి ఉంటుంది. వేడి కాఫీని ఊదితే చల్లారుతుంది కదూ! అలాగే లోపలికి వచ్చే గాలి ఆ తీగని చల్లబరుస్తుంది. దాన్ని మళ్ళీ వేడిగా ఉంచడానికి ఎంత కరెంటు పట్టిందన్నదాన్నిబట్టి ఎంత గాలి వచ్చిందో తెలుస్తుంది.

రెండోది ఒత్తిడి చెప్పేది. మ్యాప్ సెన్సర్ అంటారు. చాలా చిన్న పెట్రోలు కార్లలో మాఫ్‌కి బదులు ఇదే ఉంటుంది. విశాఖ నుంచి 900 మీటర్ల ఎత్తున్న అరకు చేరేసరికి గాలి ఒత్తిడి దాదాపు పదోవంతు తగ్గుతుంది. ఆ తేడా కనిపెట్టి పెట్రోలు తగ్గించేలా చేస్తుంది.

మూడోది గాలి వేడి చెప్పేది. వేడిగాలి పలచన. 25 డిగ్రీల పొద్దుటి గాలికన్నా 45 డిగ్రీల రోహిణీకార్తె మధ్యాహ్నపు గాలి సుమారు 6 శాతం పలచన. ఆ మేరకు పెట్రోలూ తగ్గాలి మరి!

ఇంతా అయ్యాక, పొగ బయటికి వెళ్ళే దారిలో ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. కూర దించాక ఉప్పు చూసి "కాస్త తగ్గింది" అనే అత్తగారిలాంటిదనుకోండి. మన కొలతల్లో చిన్న తేడాలుంటే అది సర్దిస్తుంది. మరీ ఎక్కువైతే దానివల్లా కాదు.

ఇప్పుడు నా కారు సంగతి అర్థమైందా? సెన్సర్ గాలిని సరిగానే తూచింది. కానీ అది దాటాక పైపు కన్నంలోంచి దొంగగాలి లోపలికి వచ్చింది. ఆ గాలికి తగ్గ పెట్రోలు పడలేదు. కబురు తెచ్చినవాణ్ణి తప్పుపట్టి, దొంగని వదిలేశామన్నమాట!

మీరు చేయగలిగినవి

ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, నెలకోసారి బోనెట్ ఎత్తి చూడండి. పావుగంట పని.

ఫిల్టర్: పెట్టె క్లిప్పులు తీసి ఫిల్టర్ని బయటికి తీయండి. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే కాగితం మడతల్లోంచి వెలుగు కనబడాలి. దుమ్ముంటే మెల్లగా తట్టండి. కాగితం ఫిల్టర్ని నీళ్ళతో కడగకండి. పెట్టెలోని దుమ్ము ఇంజన్ వైపు పడకుండా పొడిగుడ్డతో తుడవండి. ఎన్ని కిలోమీటర్లకి మార్చాలో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. మట్టిరోడ్ల మీద తిరిగే బండికి ఇంకా ముందే మార్చాలి.

రబ్బరు పైపు: మడతల దగ్గర పగుళ్ళున్నాయేమో వేలితో తడిమి చూడండి. రెండు చివర్లా క్లిప్పులు బిగువుగా ఉండాలి.

ప్లగ్గు: సెన్సర్‌కి వెళ్ళే వైర్ల ప్లగ్గు వదులుగా ఉందేమో చూడండి. సర్వీసింగ్‌లో తీసి, తిరిగి "టిక్"మనేలా నొక్కడం మరిచిపోతుంటారు. వైర్లు పట్టుకుని మాత్రం లాగకండి.

ఎలుకలు: కారు పక్కన బియ్యం బస్తాలు, ఉల్లిపాయల బుట్టలు, చెత్తడబ్బా పెట్టకండి. వాడకుండా నిలిపిన బండిని వారానికోసారైనా తెరిచి చూడండి.

మాఫ్ సెన్సర్ని కడగాల్సివస్తే దానికని విడిగా స్ప్రే దొరుకుతుంది. అది మాత్రమే వాడాలి. కిరోసిన్, కార్బ్యురేటర్ స్ప్రే, దూది, పాత టూత్‌బ్రష్ పనికిరావు. ఆ తీగ ముట్టుకుంటేనే తెగిపోవచ్చు. పూర్తిగా ఆరాకే బిగించాలి. అలవాటు లేకపోతే ఈ పని మెకానిక్‌కే వదిలేయండి.

దీపం వెలిగితే?

తాళం తిప్పగానే పసుపురంగు ఇంజన్ బొమ్మ వెలగడం, స్టార్టయ్యాక ఆరిపోవడం మామూలే. ఆరకుండా నిలకడగా వెలుగుతుంటే వీలైనంత త్వరగా చూపించండి. మినుకు మినుకుమంటుంటే మాత్రం ఆలస్యం వద్దు. వేగం తగ్గించి, భద్రమైనచోట పక్కకి ఆపి, మెకానిక్‌ని పిలిపించండి. అలాగే నడిపితే పొగని శుద్ధిచేసే కన్వర్టర్ పాడవుతుంది, దాని ఖరీదు వేలల్లో ఉంటుంది.

షెడ్డులో స్కానర్ పెట్టి చూస్తే ఒక కోడ్ వస్తుంది. పి0100 నుంచి 0104 వరకు గాలి బరువు, 0105 నుంచి 0109 వరకు ఒత్తిడి, 0110 నుంచి 0114 వరకు గాలి వేడి. గుర్తుంచుకోండి, కోడ్ వచ్చిందంటే సెన్సర్ పోయిందని అర్థం కాదు. ఊడిన ప్లగ్గుకీ, కొరికిన వైరుకీ ఇదే కోడ్ రావచ్చు.

అందుకే సెన్సర్ మార్చాలంటే ఈ నాలుగు మాటలు అడగండి: "కోడ్ నంబరెంత? ప్లగ్గూ వైర్లూ చూశారా? పైపులో లీకు చూశారా? తీసిన పాత పార్టు నాకు ఇస్తారా?"

కూరగాయలబ్బి దగ్గర అర్ధరూపాయికి బేరమాడే మనం, వేల రూపాయల బిల్లు దగ్గర నోరు మెదపకుండా ఎందుకుండాలి చెప్పండి? ఈ ఆదివారం పొయ్యి తుడిచిన చేత్తోనే ఒకసారి బోనెట్ కూడా ఎత్తి చూడండి. నడిరోడ్డు మీద పిల్లలతో ఆగిపోయే అవస్థ తప్పుతుంది!