నోటు మీద కవి బొమ్మ



పోయిన వారం సోషల్ మేడమ్ ఒక ఆల్బమ్ తెచ్చి చూపించారు. అందులో ఫ్రాన్సు దేశపు పాత నోట్లు ఉన్నాయి. మేడమ్ బంధువులది యానాం. గోదావరి ఒడ్డున ఉన్న యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉండేది. అక్కడినుండి ఫ్రాన్సు వెళ్లినవాళ్లు ఈ నోట్లు తెచ్చి ఇచ్చారంట.

ఫ్రాన్సు డబ్బును అప్పట్లో ఫ్రాంకు అనేవాళ్లు. నోట్ల మీద పుస్తకాలు రాసినవాళ్ల బొమ్మలు వేసేవాళ్లు. 1954లో 500 ఫ్రాంకుల నోటు మీద విక్టర్ హ్యూగో అనే రచయిత బొమ్మ వచ్చింది. తర్వాత 1960లో 100 పాత ఫ్రాంకులు ఒక కొత్త ఫ్రాంకు అయ్యాయి. అందుకని కొన్ని హ్యూగో నోట్ల మీద 5 కొత్త ఫ్రాంకులు అని ముద్ర కొట్టారు. 10 ఫ్రాంకుల మీద వోల్టేర్, 50 మీద రసీన్, 100 మీద కోర్నెయ్, 500 మీద మోలియేర్ కూడా వచ్చారు. చివరి ముగ్గురూ నాటకాలు రాసినవాళ్లే.

నాకు బాగా నచ్చింది 1993లో వచ్చిన 50 ఫ్రాంకుల నోటు. దాని మీద విమానం నడిపిన రచయిత సెంట్ ఎగ్జూపెరీ, ఆయన కథలోని చిన్న రాజకుమారుడు ఉన్నారు. మొదట అచ్చయిన నోట్లలో ఆయన పేరులో ఒక అక్షరం మీద అక్కరలేని గీత పడింది. తర్వాత దిద్దారు. సేకరించేవాళ్లు ఆ తప్పు నోటు కోసమే వెతుకుతారు. మన డిక్టేషన్ తప్పులకు మాత్రం మార్కులు పోతాయి!

నోట్లు దాచేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సినవి:
1. మడత పెట్టకూడదు, కడగకూడదు, ఇస్త్రీ చేయకూడదు.
2. చిరిగితే టేపు అంటించకూడదు.
3. సూది బెజ్జాలు ఉన్నాయేమో వెలుతురులో చూడాలి. ఫ్రాన్సులో నోట్ల కట్టలకు సూదులు గుచ్చేవాళ్లు.

2002లో యూరో నోట్లు వచ్చాయి. 2012 ఫిబ్రవరి 17 తర్వాత ఫ్రాంకు నోట్లను బ్యాంకు కూడా తీసుకోవటం లేదు.

అది విన్నప్పుడు మా దాదీ (నాయనమ్మ) గుర్తొచ్చింది. 2016 నవంబరు 8న పాత 500, 1000 నోట్లు రద్దు చేశారు కదా. గడువు అయిపోయాక దాదీ బియ్యం డబ్బాలో ఒక 500 నోటు బయటపడింది. మిరపకోత కూలి డబ్బులు అవి. ఎవరూ తీసుకోలేదు, దాదీ ఏడ్చింది. 2017 చట్టం ప్రకారం అలాంటివి 10 నోట్ల దాకా దగ్గర ఉంచుకోవచ్చని మేడమ్ చెప్పారు.

సెలవులకు తండాకి వెళ్లినప్పుడు ఆ నోటు తీసి దాదీకి చదివి వినిపించాను. మా ఇంట్లో నోటు మీద అక్షరాలు చదివింది నేనే మొదలు. వెనక వరసగా 15 భాషలు ఉంటాయి, కింద నుండి రెండోది తెలుగు. "మన మాట ఏది?" అని దాదీ అడిగింది. మన లంబాడీ మాట అందులో లేదు. దానికి సొంత లిపి కూడా లేదు. నేను ఏమీ చెప్పలేకపోయాను.

దాదీకి చదువు రాదు గానీ చాలా పాటలు వచ్చు. ఇప్పుడు వాటిని తెలుగు అక్షరాల్లో నోటుబుక్కులో రాస్తున్నాను. నాలుగు అయ్యాయి. ఆ 500 నోటు కూడా అందులోనే పెట్టాను, మడత పెట్టకుండా.

మీ ఇళ్లలో చెల్లని నోట్లు ఉంటే పారేయకండి. పాటలు ఉంటే కూడా రాసుకోండి.

— 9వ తరగతి విద్యార్థిని, తిరువూరు