బండి పోయినా పేరు పోదు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల్లో పాత జీపుకు ఇంజను మార్చి, లావు టైర్లు, కొత్త రంగు వేసి సోకు చేయడం కుర్రకారుకు సరదా. మోజు తీరాక టీకొట్టు దగ్గరే బేరం. పైకం ముడుతుంది, తాళాలు చేతులు మారుతాయి. ఆర్.సి.లో పేరు మాత్రం మారదు. చిక్కంతా అక్కడే!

ఒక ఆసామి 2007లో కారు అమ్మాడు. ఆర్.సి. అతని పేరనే ఉండిపోయింది. అది పలు చేతులు మారాక 2009లో ప్రమాదం జరిగి ఒకరి ప్రాణం పోయింది. నష్టపరిహారానికి ఆర్.సి.లో పేరున్న ఆ మొదటి ఆసామిదే బాధ్యతని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇంజను మార్పుకు రవాణా శాఖ అనుమతి, ఆర్.సి.లో నమోదు తప్పనిసరి. 15 ఏళ్లు దాటిన సొంత బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉండాలి. లేకుంటే పేరు మార్పిడికి చిక్కులే. అమ్మినవారు 29, 30 నంబరు ఫారాలపై సంతకాలు చేసి, 14 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలపాలి. కొనేవారు రాయచూరు, కర్నూలు వారైతే పొరుగు రాష్ట్రం కనుక నిరభ్యంతర పత్రం కూడా కావాలి.

పైకం లెక్కపెట్టుకుంటే సరిపోదు, పేరు మారిందో లేదో చూసుకోవాలి.