"వీల్‌చెయిర్ కావాలి" అంటే సరిపోదు: పేషెంట్‌ని మంచం నుంచి విమానం సీటు దాకా ఎలా మార్చాలి?

శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో డిపార్చర్స్ ముందు కాసేపు నిలబడితే ఈ సీన్ చూసే ఉంటారు. కారులో పక్షవాతం వచ్చిన పెద్దాయన. కొడుకు చంకల కింద చేతులు పెడతాడు, అల్లుడు కాళ్లు పట్టుకుంటాడు, "ఒకటి, రెండు, మూడు" అని ఎత్తేస్తారు.

ప్రేమతోనే చేస్తారు. కానీ పక్షవాతం వచ్చిన వైపు భుజం వదులుగా ఉంటుంది, అలా లాగితే కీలు జారొచ్చు. మంచం మీద ఈడిస్తే చర్మం ఒరుసుకుని పుండు పడొచ్చు. ఎత్తేవాళ్ల నడుం సంగతి సరేసరి. అమెరికాలో నియోష్ అనే సంస్థ పేషెంట్‌ని చేతులతో ఎత్తడానికి పెట్టిన హద్దు 35 పౌండ్లు, అంటే సుమారు 16 కిలోలు. 70 కిలోల మనిషిని ఇద్దరు ఎత్తితే ఒక్కొక్కరి మీద 35 కిలోలు. హద్దుకి రెట్టింపు దాటిపోయింది.

అందుకే ఇక్కడ పనిచేసే లాజిక్‌లు రెండే.

ఒకటి, రాపిడి తగ్గించడం. స్లైడ్ షీట్ అంటే నున్నటి నైలాన్ గుడ్డ, దాని రెండు పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి. రోలర్ బోర్డులో రోలర్ల చుట్టూ కవర్ తిరుగుతుంది. ఆపరేషన్ థియేటర్లలో వాడే గాలి పరుపుకి అడుగున సన్నటి రంధ్రాలుంటాయి, వాటిలోంచి వచ్చే గాలి పొర మీద పేషెంట్ తేలుతూ పక్క బెడ్ మీదకి వెళ్లిపోతాడు.

రెండు, బరువుని మెషీన్‌కి అప్పజెప్పడం. అదే హాయిస్ట్. మెకానిక్ షెడ్‌లో జాకీ కారుని లేపినట్టే, ఇది ఉయ్యాల లాంటి గుడ్డలో మనిషిని లేపుతుంది.

ఇప్పుడు విమానానికి వద్దాం. సీట్ల మధ్య దారిలో మామూలు వీల్‌చెయిర్ పట్టదు. దానికి ఐల్ చెయిర్ ఉంటుంది: సన్నగా, బెల్టులతో. విమానం ఏరోబ్రిడ్జ్‌కి కాకుండా దూరంగా ఆగితే మెట్లెక్కాలి. అక్కడ యాంబులిఫ్ట్ కావాలి, అంటే క్యాబిన్‌ని విమానం తలుపు దాకా పైకి లేపే ట్రక్కు.

ఇవి దొరకాలంటే బుకింగ్‌లో సరైన కోడ్ పడాలి. అసలు పాయింట్ ఇదే.

డబ్ల్యూసీహెచ్ఆర్: మెట్లెక్కగలరు, దూరం నడవలేరు.
డబ్ల్యూసీహెచ్ఎస్: మెట్లెక్కలేరు, సీటు దాకా నడవగలరు.
డబ్ల్యూసీహెచ్‌సీ: అసలు నడవలేరు, సీట్లో కూర్చోబెట్టాలి.

మన అమ్మానాన్నలు అమెరికా వెళ్లేటప్పుడు చాలామందికి మొదటి కోడే పెడతాం. నడవలేని మనిషికీ అదే పడితే, స్టాఫ్ ఆయన నడుస్తారనే అనుకుంటారు. చివరికి మళ్లీ చేతులతో ఎత్తడమే.

కాబట్టి కనీసం 48 గంటల ముందే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేయండి. "వీల్‌చెయిర్ కావాలి" అని ఆపేయకండి. ఏ వైపు బలం లేదు, బరువెంత, నిలబడగలరా, మెట్లెక్కగలరా, అన్నీ చెప్పండి. దిగే ఊళ్లోనూ, మధ్యలో విమానం మారే చోటా అదే కోడ్ ఉందో లేదో అడగండి.

ఇంట్లో మంచాన పడినవాళ్లున్న ఫ్రెండ్స్‌కి ఇది షేర్ చేయండి. డౌట్స్ ఉంటే కామెంట్‌లో అడగండి. ఉంటాను మరి.