వెన్నుపాము ఎక్కడిదాకా?

2020 డిసెంబరు 5న ఏలూరు వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోవడం మొదలైంది. కొద్ది రోజుల్లోనే బాధితులు 600 దాటారు. రక్తపరీక్షలు, మెదడు స్కాన్లతో పాటు వెన్నులోంచి నీరు తీసి కూడా పరీక్షించారు. ఆ నీటిలో తేడా ఏమీ కనిపించలేదు. తర్వాత ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ బయటపడ్డాయి.

వెన్నులో సూది అంటే మన ఇళ్లలో ఇప్పటికీ హడలే. సిజేరియన్‌కు నడుములో మత్తు ఇస్తామన్నా కాళ్లు పడిపోతాయేమోనని అడుగుతారు. ఆ భయానికి జవాబు కొన్ని అంకెల్లో ఉంది.

వెన్నెముకలో పూసలు 33. మెడలో 7, ఛాతీ వెనుక 12, నడుములో 5, దాని కింద ఒకటిగా అతుక్కుపోయినవి 5, చివర చిన్నవి సాధారణంగా 4. వెన్నుపాము నుంచి రెండు పక్కలకూ బయలుదేరే నరాలు 31 జతలు. మెడలో పూసలు ఏడే అయినా నరాలు 8 జతలు. మొదటిది మొదటి పూస పైనుంచి, ఎనిమిదోది ఏడో పూస కిందినుంచి వస్తాయి మరి. ప్రతి నరానికీ రెండు మూలాలు: వెనుకది స్పర్శను, నొప్పిని లోపలికి తెస్తుంది, ముందుది కదలమని కండరానికి చెబుతుంది.

అసలు సంగతి పొడవులో ఉంది. పెద్దవాళ్లలో వెన్నుపాము సుమారు 45 సెంటీమీటర్లే, లావు చిటికెన వేలంత. గర్భంలో మూడో నెలదాకా అది వెన్నెముక చివరి వరకూ ఉంటుంది. ఆపైన ఎముక త్వరత్వరగా ఎదుగుతుంది, పాము వెనకబడుతుంది. పుట్టేసరికి దాని కొన నడుము 3వ పూస దగ్గర, పెద్దయ్యాక 1, 2 పూసల మధ్య. అక్కడి నుంచి కిందికి ద్రవంలో వేలాడే నరాల గుత్తే.

సూది గుచ్చే ముందు డాక్టరు రెండు తుంటి ఎముకల పైఅంచులు చేత్తో తడిమి చూస్తారు. ఆ రెంటినీ కలిపే గీత నడుము 4వ పూస మీదుగా పోతుంది. దానికి పై సందులోనో కింది సందులోనో సూది దిగుతుంది. అక్కడ పాము లేదు. నరాలు సూదిమొనకు పక్కకు తప్పుకుంటాయి. మెదడు, వెన్ను చుట్టూ ఉండే ద్రవం మొత్తం 150 మిల్లీలీటర్లు, రోజుకు ఊరేది 500. పరీక్షకు చుక్కలుగా పట్టే కాస్తా గంటలో ఊరిపోతుంది. కొందరికి కొన్ని రోజులు తలనొప్పి ఉండొచ్చు.

తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌లో బస్తాలు మోసే హమాలీలకు జారే డిస్కు కూడా ఎక్కువగా నడుము 4, 5 పూసల మధ్యదో, 5వ పూస కిందిదో. నొక్కుకునేది నరమే, పాము కాదు. కాలిదాకా లాగే ఆ నొప్పి చాలామందికి 6 నుంచి 12 వారాల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. మూత్రం ఆగినా, మలద్వారం చుట్టూ తిమ్మిరెక్కినా మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

నిజంగా భయపడాల్సింది వేరేచోట. కొల్లేటి పక్క ఊళ్లో కొబ్బరి దింపుకు ఎక్కినవాడు జారిపడితే తరచుగా విరిగేది ఛాతీ 12వ పూస, నడుము 1వ పూస. పక్కటెముకలు పట్టి ఉంచిన భాగం, స్వేచ్ఛగా వంగే నడుము కలిసే చోటది. కాళ్లనూ మూత్రాన్నీ అదుపుచేసే పాము చివరి భాగం సరిగ్గా అక్కడే ఉంది. మెడ విరిగితే ఇంకా ప్రమాదం, ఊపిరి నడిపేది మెడలోని 3, 4, 5 నరాలే. పూస విరిగినా పాము ఇంకా తెగకపోయి ఉండొచ్చు. చేతులొకరు, కాళ్లొకరు పట్టి ఎత్తి ఆటోలో కూలేసినప్పుడు, విరిగిన ముక్క కదిలి పామును నలిపేయొచ్చు.

పడినవాణ్ని కూర్చోబెట్టకండి, నీళ్లు తాగించకండి. ఒకరు తల కదలకుండా పట్టుకోండి, 108కి ఫోన్ చేయండి. తప్పనిసరిగా జరపాల్సి వస్తే తల, వీపు, నడుము, కాళ్లు ఒకే వరుసలో ఉంచి నలుగురూ ఒక్కసారే దొర్లించి చెక్క మీదికి చేర్చండి.