పిల్లల చేతి పూజ బొడ్డెమ్మ

బాలికకు పన్నెండేళ్లు నిండగానే యూదులు ‘బాత్ మిత్స్వా’ జరుపుతారు. అప్పటినుండి ధర్మాచరణ భారం ఆమెదే. పెద్దపల్లి ప్రాంతపు పల్లెలలో పెండ్లికాని పిల్లలకు గౌరీపూజను అప్పగించే పండుగ బొడ్డెమ్మ. భాద్రపద బహుళ పంచమినాడు మొదలై బతుకమ్మకు ముందు ముగిసే ఈ వ్రతానికి అంగట్లో కొనవలసినది స్వల్పమే. తండ్రి పుట్టమన్ను తెచ్చిపెడితే, తల్లి దానిని తడిపి, పీటపై మెట్లుమెట్లుగా పేర్చడం చూపుతుంది. ఆపై పని అమ్మాయిదే. పేడతో అలికి, జాజు పూసి, ముగ్గులు దిద్ది, పైన కలశమును, పసుపు గౌరమ్మను నిలుపుతుంది. తొలిసారి మెట్లు వంకరపోతాయి. దయచేసి మీరు సరిదిద్దకండి. తల్లి చేతితో తీరిన బొడ్డెమ్మ పిల్ల వ్రతమెట్లా అవుతుంది? సాయంవేళ ఈడుపిల్లలు చుట్టూ ఆడి, పాటతో అమ్మను నిద్రపుచ్చుతారు. చివరినాడు చెరువుగట్టుదాకా తోడు వెళ్లండి. పీటను మాత్రం ఆమెనే మోయనివ్వండి.