కాంతి కన్నున్న గడియారం

పిల్లలూ! 1.25 మీటర్ల ఎత్తునుంచి ఒక ఉక్కు గుండును వదిలి, అది నేలను తాకడానికి ఎంత కాలం పడుతుందో స్టాప్‌వాచితో కొలిచి చూడండి. ఒకసారి మా తరగతిలో ఈ ప్రయోగం చేయించాను. వచ్చిన కాలాలు 0.4 సెకను నుంచి 0.6 సెకను వరకు ఉన్నాయి. అయినా రికార్డు పుస్తకాలలో గురుత్వ త్వరణం అందరికీ 9.8 అనే వచ్చింది! అంటే, జవాబు ముందు రాసుకొని కాలాన్ని వెనక్కి లెక్కగట్టారన్నమాట.

తప్పు వాళ్ళ ఒక్కరిదే కాదు. గుండు పడడానికి పట్టేది సుమారు అర సెకను. కన్ను చూసి, మెదడు చెప్పి, వేలు మీట నొక్కేసరికే 0.2 సెకను గడిచిపోతుంది. పైగా ఈ ఆలస్యం ప్రతిసారీ ఒకేలా ఉండదు. ఎత్తును రెట్టించి, కాలవర్గంతో భాగిస్తే త్వరణం వస్తుంది కదా! 0.4 సెకనుకు అది 15.6, 0.6 సెకనుకు 6.9 అవుతుంది.

గెలీలియోకూ ఈ చిక్కే వచ్చింది. ఆయన గుండును వాలుబల్లపై దొర్లించి వేగం తగ్గించాడు. సన్నని ధారగా పట్టిన నీటిని తూచి కాలాన్ని కొలిచాడు. 1638లో వెలువడిన గ్రంథంలో దీన్ని వివరించాడు. మనం వేగం తగ్గించనక్కరలేదు. వేలిని తప్పిస్తే చాలు.

గుండు దారికి అడ్డంగా పైన ఒకటి, 1.25 మీటర్ల కింద ఒకటి, రెండు సన్నని కాంతిపుంజాలు ఏర్పాటు చేయాలి. ఒక్కొక్క పుంజానికి ఎదురుగా ఒక ఫోటోట్రాన్సిస్టర్ ఉంచాలి. దీనికి 10 కిలో ఓముల నిరోధాన్ని శ్రేణిలో కలిపి 5 వోల్టులు ఇవ్వాలి. కాంతి ఆగగానే వోల్టేజి ఎగురుతుంది. మొదటి ఎగురుడు ఎలక్ట్రానిక్ ద్వారాన్ని తెరుస్తుంది, రెండవది మూస్తుంది. ఆ మధ్యలో, సెకనుకు 10,00,000 సార్లు కంపించే క్వార్ట్జ్ స్ఫటికం పంపే స్పందనలను లెక్కింపు వలయం లెక్కపెడుతుంది. దాదాపు 5,05,000 వస్తే కాలం 0.505 సెకను.

చవకగా దొరికే ఎల్.డి.ఆర్. వాడితే? అది వెలుగునీడల మార్పును గ్రహించడానికి కొన్ని పదుల మిల్లీసెకన్లు పడుతుంది. 2 సెంటీమీటర్ల గుండు కింది పుంజాన్ని దాటడానికి పట్టేది 4 మిల్లీసెకన్లే! ఆ కన్ను తెరిచేలోగా గుండు దాటిపోతుంది. ఫోటోట్రాన్సిస్టర్ కొన్ని మైక్రోసెకన్లలోనే గ్రహిస్తుంది. కాని ట్యూబులైటు వెలుగు సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. అది సోకకుండా నల్లకాగితపు గొట్టం తొడగాలి.

మరొక జాగ్రత్త. గుండు అడుగుభాగం పై పుంజానికి 1 మిల్లీమీటరు ఎత్తున ఉందనుకోండి. ఆ కాస్త దూరం పడడానికే 0.014 సెకను పడుతుంది. ఆ కాలం లెక్కలోకి రాదు. జవాబు 9.8కి బదులు 10.4 వస్తుంది! అందుకే గుండును మెల్లగా పైకి జరుపుతూ, కాంతి సరిగ్గా తెరుచుకున్న చోట నిలిపి, విద్యుదయస్కాంతంతో పట్టి ఉంచి వదలాలి.

చూశారా! గడియారం సెకనులో పదిలక్షో వంతు చూపినా, అమరికలో వెంట్రుకవాసి తేడా దాన్ని వమ్ము చేయగలదు. మీకు 10.4 వస్తే 10.4 అనే రాయండి. తరువాత ఆ 0.6 ఎక్కడినుంచి వచ్చిందో వెతకండి. అసలు ప్రయోగం అక్కడే మొదలవుతుంది.